వెంగమ్మ ఒక్కపొద్దులు

ఆ సోమవారం పొద్దున నా చేతిలో ఉన్నవి ఇవి. వేలంపాటలో ఎవరూ అడగని టమోటా, అరవైమూడు క్రేట్లు. ఒక పాత మినీ ట్రక్కు. నలభై ఏళ్ల మండీ అనుభవం. మెట్లెక్కితే కలుక్కుమనే కుడి మోకాలు. ఇవి కాక, కాటా మస్తాన్ కూతురు రేహానా తెచ్చిన ఒక రేకుపెట్టె. మొదటి నాలుగింటి విలువ నాకు బాగా తెలుసు. ఐదోది పనికొస్తుందో రాదో తేల్చుకోవడానికే ఆ అమ్మాయి తెల్లవారకముందే మదనపల్లె మార్కెట్ యార్డుకు వచ్చి కూర్చుంది.

మస్తాన్ పాతికేళ్లు నా మండీలో కాటా వేశాడు. కూతురు రసాయనశాస్త్రంలో పెద్ద చదువు చదివి, ఊళ్లోనే కాలేజీలో పాఠాలు చెబుతోంది. కాయ మాగేటప్పుడు ఒక రకం గాలి వస్తుందట, కుళ్లేటప్పుడు ఇంకో రకం. ఆ రెంటినీ పసిగట్టి, ఈ క్రేటు ఢిల్లీ దాకా తట్టుకుంటుంది, ఇది చెన్నై దాటదు, ఇది సాయంత్రానికే నీరుకారుతుంది అని ముందే చెప్పే పెట్టె చేస్తానంది. సామానుకు నేను పెట్టుబడి పెట్టాను. టిఫిన్ క్యారియరంత పెట్టె. ముందు గాలి పీల్చే బుల్లి ఫ్యాను. పైన సున్నా నుంచి వంద దాకా గీతలు, మధ్యన ఒక ముల్లు. యార్డులో వాళ్లు దానికి ముక్కుపెట్టె అని పేరు పెట్టేశారు.

క్రేట్లు వరసగా దాని ముందుకు జరిపాం. ముల్లు పది చూపింది, పన్నెండు చూపింది, తొమ్మిది చూపింది. అన్నీ మంచి కాయలే. పదిహేనో క్రేటు దగ్గర ఒక్కసారిగా డెబ్బైకి ఎగిరింది.

"కుళ్లు! లోపల కుళ్లుంది మామా!" అని రేహానా కేక వేసింది.

క్రేటు తిరగేశాం. ఒక్క కాయకైనా మచ్చ లేదు. మళ్లీ నింపి పెడితే ముల్లు ఎనిమిది చూపింది. గ్రేడింగు చేసే వెంగమ్మ ఆ కాయల్ని సర్దడానికి వంగింది. మళ్లీ డెబ్బై.

వెంగమ్మ గురించి చెప్పాలి. మా గ్రేడింగు ఆడవాళ్లందరికీ ఆమె పెద్ద. యాభైకి దగ్గరపడిన మనిషి. కాయను చేతిలోకి తీసుకోకుండానే అది మొదటి రకమో మూడో రకమో చెప్పేస్తుంది. ఆమె నోరు అంతకన్నా చురుకు.

"సేటూ, నీ పెట్టెకి పడిశం పట్టినట్టుండాది. ఆవిరి పట్టించు," అని నవ్వి పక్కకు జరిగింది. ముల్లు దిగిపోయింది. ఆమె వెనక్కి వచ్చింది. డెబ్బై ఒకటి.

రేహానా నవ్వలేదు. పెట్టెను, వెంగమ్మను మార్చి మార్చి చూసింది. "అత్తా, పొద్దున ఏం తిన్నావు?"

"ఏం తింటా? సోమారం గదా, శివయ్యకు ఒక్కపొద్దు. పొద్దుగుంకినాకే కూడు."

రేహానా నన్ను ట్రక్కు చాటుకు లాక్కెళ్లింది. "మామా, ఇది టమోటా వాసన కాదు. పొట్టలో ఏమీ లేకపోతే ఒళ్లు తన కొవ్వునే కాల్చుకుంటుంది. ఆ వాసన ఊపిరిలో వస్తాది, బాగా మాగిపోయిన పండు మాదిరి. డాక్టర్లకు ఎప్పట్నుంచో తెలుసు. అయితే మనిషి గొట్టంలోకి ఊదాల. ఇట్ల నాలుగడుగుల దూరం నుంచి, బయట గాలిలో నుంచి పట్టింది ఇంతవరకు ఎవరూ లేరు. నేను కుళ్లు కోసం ఎతుకుతా ఉంటే ఆకలి దొరికింది మామా!"

ఆమె చెప్పిన రసాయనం సగమే నా తలకెక్కింది. మిగతా సగాన్ని నా లెక్కలోకి నేను మార్చుకున్నాను. ధర పడిన రోజున మా ఊళ్లో టమోటాను రోడ్డు పక్కన పారబోస్తారు. ఆవులు కూడా మొహం తిప్పుకునేంత. అక్కడికి రెండు కిలోమీటర్ల దూరంలో బట్టీలకాలనీ ఉంది, పాత సున్నపుబట్టీల పక్కన రెండు వందల గడప. మా గ్రేడింగు ఆడవాళ్లు ఉండేది అక్కడే. ఆ కాలనీకి కూరగాయల బండి పోదు. ఉన్న ఒక్క అంగట్లో బిస్కెట్లు, చిప్సు ప్యాకెట్లు, ముడతలు పడిన నాలుగు ఉల్లిగడ్డలు. యార్డులో క్రేటు లెక్కన తప్ప కిలో లెక్కన అమ్మరు. పగలంతా టన్నులకొద్దీ టమోటా ఏరిన చేతులు సాయంత్రం అంగట్లో పావుకిలోకు రెట్టింపు ధర ఇస్తాయి. సరుకు ఎక్కడుంది, గిరాకీ ఎక్కడుంది అన్న రెండు లెక్కలతో నలభై ఏళ్లు వ్యాపారం చేశాను. ఆకలి ఎక్కడుంది అన్న మూడో లెక్కకు ఇన్నాళ్లూ ముల్లు లేదు. ఇప్పుడు ఉంది!

ఆ ఉత్సాహంలో మోకాలి నొప్పి మరిచిపోయి ఒక్క ఊపున ట్రక్కెక్కేశాను.

ఆ శనివారం ముక్కుపెట్టెను ఇంటికి తెచ్చాను. వంటింటి గడపలో పెట్టానో లేదో ముల్లు అరవైకి లేచింది. నా భార్య అలివేలు పొయ్యి దగ్గర నిలబడి పప్పు కలుపుతోంది.

"అలివేలూ! నువ్వు అన్నం తినడంల్యా?"

"ఏందయ్యా ఆ అరుపు? శనివారం గదా, ఎంకటేశ్వరసామికి ఒక్కపొద్దు. ముప్పై ఏండ్ల నుంచీ ఉండా. ఇప్పుడా చూసేది?"

ఇద్దరం నవ్వుకున్నాం. పెట్టె సంగతి, వెంగమ్మ సంగతి చెప్పాను. సోమవారం డెబ్బై, మంగళవారం డెబ్బై రెండు, బుధవారం అరవై ఎనిమిది అని వరసగా చెబుతుంటే అలివేలు గరిటె దించి నా వైపు తిరిగింది.

"సోమారం శివునికి. మంగళారం ఆంజనేయునికి. మరి బుధవారం ఎవరికి?"

"అడిగితే, ఏదో మొక్కుబడి ఉందనింది."

"నీకు మండీ లెక్క తెలుసుగానీ ఆడోళ్ల లెక్క తెలీదయ్యా. బియ్యం అయిపోతే మేము అయిపోయినాయని చెప్పం. ఒక్కపొద్దంటాం. అట్లంటే ఇంగ ఎవురూ తినమని బలవంతం చెయ్యరు, ఎందుకని అడగరు. పైగా దండం పెట్టిపోతారు."

ఆ మాటను ఆ రోజే మనసులో ముడి వేసుకోవలసింది. నేను ఉత్సాహంలో ఉన్నాను. ఉపవాసం కాదన్న సంగతి పట్టుకున్నాను, ఎందుకు దాస్తారన్నది వదిలేశాను. ఈ కథలో నష్టం మొదలైంది అక్కడ.

వారం తిరగకుండా రేహానా ఇంకో వార్త తెచ్చింది. తాజా కూరగాయలు దొరకని వీధులకు వాటిని చేర్చే సేవాసంఘాలకు బెంగళూరులో ఒక ఫౌండేషన్ మూడేళ్ల గ్రాంటు ఇస్తుందట. అయిదు బండ్లు, వాటి మీద పనిచేసేవాళ్ల జీతాలు, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా, అన్నీ వాళ్లే భరిస్తారు. నాలాంటి వ్యాపారికి ఇవ్వరు, సంఘానికే ఇస్తారు. మర్నాడే గ్రేడింగు ఆడవాళ్లు పద్నాలుగు మందిని కూర్చోబెట్టాను. గంప సంఘం అని పేరు కుదిరింది. అధ్యక్షురాలు ఎవరన్న ప్రశ్నే రాలేదు. అందరూ వెంగమ్మ వైపు తిరిగారు.

"నేను అధ్యక్షురాలినా? అయితే సేటుకి కుర్చీ తీసేయండి, నేను కూచుంటా," అంది. కూర్చుంది కూడా.

దరఖాస్తులో నాలుగో ప్రశ్న ఇది: మీ ప్రాంతంలో ఆహారం అందక ఇబ్బంది పడుతున్నారనడానికి ఆధారం చూపండి. ఇతర సంఘాలు ఏం రాస్తాయి? పేదవాళ్లున్నారండీ అని రాస్తాయి. మా దగ్గర ముల్లు ఉంది! అప్పటికి పదకొండు రోజులుగా ముక్కుపెట్టెను గ్రేడింగు బల్ల కింద పెట్టి, ఆడవాళ్లెవరికీ చెప్పకుండా రోజూ అంకెలు రాసుకున్నాను. వాటిని అందంగా దించాను. క్రేటు మీద చీటీ అంటించే అలవాటు కదా, రైతు పేరు, రకం, బరువు రాసినట్టే మనుషులనూ రాశాను.

సంఘం తీర్మానం కోసం దరఖాస్తు అందరికీ వినిపించాలి. రేకుల షెడ్డు కింద రేహానా చదివింది. "ఒకటవ ఆధారం. వెంగమ్మ, సంఘం అధ్యక్షురాలు. పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు కొలత అరవై అయిదు దాటింది. ఆమె..." అక్కడ ఆ పిల్ల ఆగిపోయింది. నేను రాసింది అప్పుడే చూసింది.

"చదువు," అంది వెంగమ్మ.

"అత్తా, ఇది..."

"చదువమ్మా. సేటు కష్టపడి రాసినాడు."

రేహానా గొంతు తగ్గించి చదివింది. "ఆమె ఉపవాసాలని చెప్పేవి ఉపవాసాలు కావు."

వెంగమ్మ నా కుర్చీలోంచి లేచింది. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, మడిచి, బల్ల మీద పెట్టింది.

"కాయలకు గ్రేడెయ్యమంటే ఏసినా సేటూ, ఇరవై ఏండ్లు. నాకు గ్రేడేసేదానికి నువ్వెవరు?"

వెళ్లిపోయింది. ఆమె వెనకాలే మరో పన్నెండు మంది. మిగిలిన ఒక్కామె చెప్పు తెగి ఆగింది, అంతే.

అయినా నాకు బుద్ధి రాలేదు. సరుకు చూస్తే కోపం చల్లారుతుందనుకున్నాను. రెండు రోజుల తర్వాత ఇరవై క్రేట్లు ట్రక్కుకెత్తి, ముక్కుపెట్టెను ముందు కట్టి, రేహానాతో బట్టీలకాలనీకి పోయాను. ఉచితంగా పంచుదామని. మేము మలుపు తిరగడం ఆలస్యం, తలుపులు వరసగా పడ్డాయి. ప్రతి గడపలోంచి పొగ. సాంబ్రాణి! కుంపట్లలో గుప్పెళ్లకొద్దీ వేసి వీధిలోకి విసురుతున్నారు. ముల్లు సున్నాకు పడి, వందకు లేచి, పిచ్చెక్కినట్టు తిరిగింది. ఒక అరుగు మీద ముసలమ్మ పచ్చి ఉల్లిగడ్డ కసకస నములుతూ ముక్కుపెట్టె మీదికే ఊదింది.

"చూసుకో నాయనా! మా ఇంట్లో ఏం కరువు లేదు. పో!"

రేహానాకు దగ్గు, దానితో పాటు నవ్వు. నాకు నవ్వు రాలేదు. ఇరవై క్రేట్లూ దించకుండానే తిరిగొచ్చాయి. ఊరికే ఇస్తానన్నా పోని సరుకు నా జన్మలో అదొక్కటే.

మర్నాడు పెట్టె లేకుండా, ట్రక్కు లేకుండా, నడిచి వెంగమ్మ ఇంటికి వెళ్లాను. ఒంటిగది ఇల్లు. కూతురు బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుడుతోంది. ఇద్దరు మనవరాళ్లు ఈమె దగ్గరే. వాళ్లిద్దరూ గడప దగ్గర పలకలు ముందేసుకుని బువ్వ తింటున్నారు. రెండే పళ్లాలు.

వెంగమ్మ నన్ను కూర్చోమంది. చెంబుతో నీళ్లు, బెల్లంముక్క తెచ్చి పెట్టింది. ఆ బెల్లం ఆ ఇంట్లో ఆఖరిదై ఉంటుందని నాకు అర్థమైంది. తినకపోతే అవమానం. తిన్నాను.

"తప్పయింది వెంగమ్మా."

"ఆకలైతే నాకయింది. నీకేం నష్టమొచ్చింది సేటూ, నలుగుర్లో చదివించినావు?" ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "రేషన్ బియ్యం ఇరవయ్యో తేదీ దాకా వస్తాయి. ఆపైన పిల్లోళ్లకే. నేను తినల్యా. అయితే దేవుని కోసం ఉండాననుకుంటే ఒక మాదిరిగా ఉండేది. కడుపు కాలినా తల ఎత్తుకునే ఉంటి. నీ ముక్కు పెట్టి అది గూడా తీసేసినావు."

జేబులోంచి దరఖాస్తు కాగితం తీసి ఆమె ముందే నాలుగుగా చించాను. ఆమె ఆ ముక్కల్ని ఏరి పొయ్యి దగ్గర పెట్టుకుంది, మంట రాజేయడానికి పనికొస్తాయని.

"నిన్న ఊరికే ఇస్తామంటే ఎందుకు తలుపేశారు?" అన్నాను చివరికి.

"ఇచ్చేది నీ గొప్ప. కొనేది నా గొప్ప. నాలుగు రూపాయలకైనా బేరమాడి కొంటే ఆ కూర నాది. ఊరికే ఇస్తే ఆ కూర నీది, నేను తినేదాన్ని, అంతే."

తిరిగొస్తూ యార్డు దాకా ఆ మాటే నమిలాను. గేటు దగ్గర ధరల బోర్డు ముందు ఇద్దరు రైతులు మాట్లాడుకుంటున్నారు. పొద్దున ఇరవై, ఇప్పుడు తొమ్మిది, థూ అంటున్నారు. ఎందుకు పడిందని వాళ్లు ఎవరినీ అడగడం లేదు. మా ఊళ్లో ఎవరూ అడగరు! టమోటా ధర పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి. వాన పడినంత మామూలు. పడితే కొంటాం, లేస్తే తిడతాం.

అక్కడి నుంచే రేహానాకు ఫోన్ చేశాను. "అమ్మా, ఆ ముక్కు మనిషిని కాదు, వీధిని పసిగట్టాల. ఆకలి పెరిగితే బోర్డు మీద ధర తగ్గాల. వీధికంతా ఒకటే ధర. ఎవురి వల్ల తగ్గిందో దేవునిక్కూడా తెలీకూడదు. అవుతాదా?"

అవతల నుంచి, "మామా, అవుతాది! భలే తట్టింది నీకు!" అని ఒక్క అరుపు.

కాలేజీ ల్యాబులో ఆ పని ఇరవై రెండు రోజులు పట్టింది. ఆకలిని కొలవాలంటే ఎన్ని గంటలు తినకపోతే ముల్లు ఎంతకొస్తుందో తెలియాలి. అది ఇంకెవరి మీదా చెయ్యనంది రేహానా. రెండు రోజులు తనే తినడం మానేసి, గంటకోసారి పెట్టె ముందు నిలబడి రాసుకుంది. రెండో రోజు సాయంత్రం మెట్ల మీద కళ్లు తిరిగి పడింది. మస్తాన్ గ్లూకోజు నీళ్లు పట్టుకొచ్చి ల్యాబు దద్దరిల్లేలా అరిచాడు. "రంజాన్‌కి ఇంకా నెలుందే పిచ్చిదానా! ఇప్పట్నించే మొదలుపెట్టినావా?" ఆమె నేల మీద పడుకునే, "అబ్బాజాన్, గడియారం చూడు, ఎంతయిందో రాయి," అంది.

చివరికి తయారైంది. ముక్కు మా మినీ ట్రక్కు పైన, ఎత్తున ఉంటుంది. వీధి గాలి మొత్తం పీలుస్తుంది. కింద వెలుగుతున్న అంకెల బోర్డు. కొలత పెరిగితే ధర దిగుతుంది. బండి చక్రం వీధి దాటగానే పెట్టె అంతా మరిచిపోతుంది. ఏ తలుపు ముందు ఎంత చూపిందో ముక్కుకే గుర్తుండదు.

మొదటి రోజు కాలనీలో బోర్డు ఇరవై నుంచి అయిదుకు దిగింది. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మొదట బయటికొచ్చింది వెంగమ్మ. కాయను వేళ్ల మధ్య తిప్పింది.

"దీన్ని అయిదంటావా? మూడో రకం ఇది. నేను ఏరి పారేసేది. మూడుకియ్యి."

"బోర్డు అయిదంటా ఉంటే..."

"బోర్డు తింటాదా కాయను? మూడు!"

మూడున్నరకు ఇచ్చాను. అంత ఆనందంగా నేను ఏ బేరమూ ఓడిపోలేదు. సాయంత్రం కొత్త దరఖాస్తు పట్టుకెళితే ఆమె మూడుసార్లు చదివించుకుంది. అందులో పేర్లు లేవు, వీధులే. అప్పుడు సంతకం పెట్టింది.

ఫౌండేషన్ వాళ్లు ఒక అధికారిని పంపుతామన్నారు. పేరు శ్రీవత్స. ఏ రోజు రమ్మంటారని ఫోన్లో అడిగారు. మార్కెట్ సెలవు ఎప్పుడా అని గోడ క్యాలెండరు చూశాను. ట్రక్కు ఖాళీగా దొరకాలి కదా. ఎర్ర అంకె కనిపించింది, ఆ రోజే రమ్మన్నాను. ఆ అంకె ఎందుకు ఎర్రగా ఉందో కింద చదవలేదు.

ఆయన మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. ముందు కలిగినవాళ్లుండే మేడలవీధిలో తిప్పి, అక్కడ ఇరవై, కాలనీలో అయిదు అని తేడా చూపిద్దామని మా ఎత్తు. బండి మేడలవీధిలో అడుగుపెట్టింది. బోర్డు పదిహేను. పది. ఏడు. నాలుగు! ముల్లు తొంభై దాటి వణుకుతోంది. బాల్కనీల్లోంచి ఎవరో అరిచారు, "అక్కా, టమోటా నాలుగు రూపాయలంట!" మేడలన్నీ గంపలతో కిందికి దిగాయి. పట్టుచీరలు, జడల్లో మల్లెపూలు, నుదుట విభూతి. పావుగంటలో పదకొండు క్రేట్లు ఖాళీ.

శ్రీవత్స గారు కళ్లద్దాలు తుడుచుకుని ఆ మేడల వైపు చూశారు. "ఓబులేశు గారూ, మీ ఊళ్లో ఆకలి ఎక్కువగా ఉన్నది ఇక్కడేనా?"

"మామా," అని రేహానా నా చొక్కా లాగింది. "ఆ విభూతి చూడు. ఈ పొద్దు శివరాత్రి! ఊరంతా ఉపవాసం! రంజాన్‌లో పెట్టుంటే నేనన్నా చెప్పేదాన్ని గదా!"

కాలనీకి పోయినా అంతే. అక్కడా నాలుగే. "మీ యంత్రానికి భక్తికీ లేమికీ తేడా తెలియదన్నమాట," అన్నారాయన. మర్యాదగానే అన్నారు. కారు తలుపు తీశారు. మూడేళ్లు, అయిదు బండ్లు, ఆ తలుపుతో పాటే మూసుకుపోబోతున్నాయి.

"సార్, ఒక్క నిమిషం."

వెంగమ్మ. ఆమె నుదుటనా విభూతి ఉంది. "నేను ఈ సంఘానికి అధ్యక్షురాలిని. ఈ రాత్రికి మా ఊళ్లోనే ఉండండి. రేపు పొద్దున తొమ్మిదింటికి బండి మళ్లీ తిప్పుతాం. పండగ ఒక్కపొద్దు తెల్లారితే దిగిపోతాది సార్. దేవుడు అన్నం తినమంటాడు, అందరూ తింటారు. లేనోళ్ల ఒక్కపొద్దు దిగదు. రేపు దిగకుండా ఉండేదే మా లెక్క."

రేహానా నోరు తెరిచి ఆమెనే చూసింది. ఇరవై రెండు రోజులు ల్యాబులో తనకు తట్టని తీసివేత అది.

మర్నాడు తొమ్మిదికి మేడలవీధిలో ఇడ్లీల వాసన, తాలింపుల వాసన. ముల్లు ఆరు. బోర్డు ఇరవై. ఒక మేడ మీది నుంచి, "నిన్న నాలుగే కదయ్యా, ఇదేం మోసం!" అన్న కేకలు. ఆ తిట్లు నాకు సన్మానంలా వినిపించాయి. కాలనీలోకి మలుపు తిరిగాం. నిన్న తొంభై దాటిన ముల్లు ఆరు నుంచి లేచింది. యాభై రెండు దగ్గర నిలబడిపోయింది. వీధి చివరిదాకా పోయాం, వెనక్కి వచ్చాం. యాభై రెండు. శివరాత్రి వెళ్లిపోయింది, అది వెళ్లలేదు.

శ్రీవత్స గారు ముల్లు చూపిన అంకె రాసుకుని, వెంగమ్మకు నమస్కారం పెట్టారు.

"గ్రాంటు వస్తుందమ్మా. ఒక్కటే కోరిక. ఏ ఇంట్లో ఎంత కొలత ఉందో మ్యాపు కావాలి. దాతలు ఫోన్లో చూస్తారు. ఎర్రచుక్క పచ్చగా మారితే వాళ్లకు నమ్మకం. ఆ మ్యాపు ఉంటేనే మూడేళ్లు."

నా నాలుక చివరిదాకా వచ్చింది, ఒప్పుకో వెంగమ్మా అని. మూడేళ్ల సరుకు, అయిదు బండ్లు. మింగేశాను.

"మీ ఇంట్లో పొయ్యి ఎలిగిందో లేదో మేము ఫోన్లో చూస్తామా సార్?" అంది వెంగమ్మ. "వీధి లెక్క ఎంతైనా తీసుకోండి. ఇంటి లెక్క మాత్రం ఇయ్యం. సంతకం నాది."

ఆయన బెంగళూరుకు ఫోన్ చేసి అటూ ఇటూ తిరుగుతూ అరగంట మాట్లాడారు. చివరికి వచ్చినది ఒక ఏడాది, రెండు బండ్లు. వీధి లెక్క బాగుంటే మళ్లీ చూస్తామన్నారు.

ఇది జరిగి నాలుగు నెలలు. వెంగమ్మ గ్రేడింగు బల్ల దగ్గరికి తిరిగొచ్చింది, తువ్వాలు చుట్టుకుని. మొన్న సోమవారం, పాత ముక్కుపెట్టె మూలన దుమ్ము పట్టి ఉంటే తనే తీసి తుడిచి, బల్ల మీద పెట్టి, గట్టిగా ఊదింది. అరవై ఆరు. నా చేతిలోని కాయ కింద పడింది.

"ఏం వెంగమ్మా? బండి రావడంల్యా మీ వీధికి?"

"వస్తా ఉండాది. ఈ పొద్దు సోమారం సేటూ. ఒక్కపొద్దు."

కాయలు ఏరడానికి కూర్చుంది. ఆ పగలంతా నా లెక్కలేవీ కుదర్లేదు. మర్నాడు మంగళవారం మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పారు. వెంగమ్మ డబ్బాలో రాగిసంగటి, టమోటా పప్పు. మెతుకు మిగలకుండా తిని, చేయి కడుక్కుని, నన్ను పిలిచి మళ్లీ ఊదింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ఏడు.

"నిన్నటిది దేవునికి సేటూ. ఈ పొద్దుటిది నాకు. రాసుకో, ఇది మాత్రం రాసుకో."

రాసుకున్నాను. ఆఖరి లెక్క ఇది. పోయినవి: అడిగిన మూడేళ్లలో రెండు, అయిదు బండ్లలో మూడు, శివరాత్రి నాడు మేడలవీధి ఎత్తుకెళ్లిన పదకొండు క్రేట్లు. మోకాలు అట్లాగే ఉంది. వచ్చినవి: రెండు బండ్లు. యాభై రెండు నుంచి పద్దెనిమిదికి దిగిన ఒక వీధి. రోడ్డు పక్కన పోయకుండా వంటిళ్లకు చేరిన టమోటా, ఇప్పటికి రెండువేల నూటనలభై క్రేట్లు. వీటన్నిటి కిందా గీత గీసి చూస్తే వెంగమ్మ దగ్గర నికరంగా మిగిలినది, వారానికి ఒక్క ఒక్కపొద్దు. నిజమైనది.